తొలి కోత

కమ్మరి గాసి పెళ్ళాం రత్న చంకలో ఆనపకాయ పెట్టుకుని పక్కింటికి కత్తి అడగడానికి వెళ్ళింది. వెళ్ళడం కూడా తిన్నగా వీధిలోంచి కాదు, పాకల వెనక నుంచి, కోళ్ళగూళ్ళ మధ్య నుంచి చాటుగా వెళ్ళింది. ఊళ్ళో ఏ ఇంట్లో ఏ కత్తి చూసినా అది ఆమె తొక్కిన కొలిమి తిత్తుల గాలికి ఎర్రబడిందే. అలాంటి మనిషి కత్తి ఎరువడిగిందంటే నవ్వేవాళ్ళకి కరువా?

పక్కిల్లు సోములమ్మది. ఊరందరికీ పురుళ్ళు పోసే ముసలమ్మ. గుమ్మంలో కూర్చుని చోళ్ళ గింజలు చెరుగుతోంది. హుకుంపేట కొండల్లో చలినెలల్లో మంచు విడేసరికి సగం పొద్దెక్కుతుంది. అంతవరకూ ఎవరి పనైనా ఇలా గుమ్మంలోనే.

"ఏటే రత్నా, మళ్ళీ కత్తేనా?"

"నిన్న అడవి దుంప కోత్తంటే ఇరిగిపోనాదప్పా."

"ఉన్నదే ముక్క. అందులో మళ్ళీ ముక్కేటే!" అని సోములమ్మ పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. రత్నకి ఒళ్ళు మండింది కానీ ముసలమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇన్నాళ్ళూ ఆమె కూరలు తరిగింది ఒక పాత కొడవలి కొసతో. దానికి పిడి కూడా లేదు, గుడ్డపేలిక చుట్టుకుని పట్టుకునేది.

కమ్మరి ఇంట్లో కత్తి ఎందుకు లేదంటే, ఇనుము లేదు కాబట్టి. ఆ ఊళ్ళో ఇనుము కొనేవాళ్ళు తక్కువ. పార అరిగిపోతే గాసి దాన్ని సాగగొట్టి కలుపు తీసే దోకుడుపార చేస్తాడు. అదీ అరిగితే వంటింటి కత్తి చేస్తాడు. కానీ ఎవరింటి ఇనుము వాళ్ళింటికే తిరిగి వెళ్ళాలి. గోరంత ముక్క మిగిలినా సరే, పొట్లం కట్టి ఇచ్చేయాలి. గాసి తండ్రీ తాతా అలాగే చేశారు, గాసీ అలాగే చేస్తాడు. పంటలప్పుడు ఇంటింటికీ ఇన్ని చోళ్ళు, ఇన్ని సామలు కమ్మరికి కొలుస్తారు. ఇంక ఇనుము మీద అతనికి హక్కేముంటుంది? ఎప్పుడైనా సంతలో విరిగిన గొలుసో, బండి చక్రం పట్టా ముక్కో దొరికి రత్న కోసమని ఒక కత్తి చేశాడా, అది చల్లారకముందే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. లేదు అనే మాట గాసి నోట ఎవరూ వినలేదు. దేవుడు అతనికి రెండు చేతులు ఇచ్చాడు, రెండూ ఇవ్వడానికే ఇచ్చాడు అని రత్న గెడ్డలో నీళ్ళు ముంచుకునే ఆడవాళ్ళతో అంటూ ఉండేది. నవ్వుతూనే అనేది, నవ్వులాటకి మాత్రం కాదు.

ఆ సాయంత్రం గాసి అడవిలోంచి వస్తూ వస్తూ భుజం మీద ఏదో పొడుగాటిది వేసుకొచ్చాడు. నడుస్తుంటే అది గాల్లో ఊగుతూ గుంయ్‌గుంయ్‌మని మోగుతోంది. ఊరి కుక్కలన్నీ వెంటపడ్డాయి.

"ఏటది మావా?"

"రంపమే! సగం రంపం." అతని మొహం వెలిగిపోతోంది. రైలు పట్టాల కింద వేసే దుంగలు కోయడానికి కింద దేశం నుంచి కోతగాళ్ళు దిగారు. పొద్దున్నే వాళ్ళ గునపాలకి మొనలు తీసిపెట్టడానికని గాసి వాళ్ళ పాకల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళ పెద్ద రంపం గుగ్గిలం మానులో ఇరుక్కుని రెండుగా విరిగిందట. ఇందులో ఒక ముక్క నువ్వు పట్టికెళ్ళమని వాళ్ళ మేస్త్రీయే ఇచ్చాడట.

గాసి రంపాన్ని దాగలి ఇనపదిమ్మ మీద పెట్టి గోటితో కొట్టాడు. అది సన్నగా, చాలాసేపు పలికింది. "ఇన్నావా? మన ఇనుము ఇలగ పలుకుతాదా? ఇది ఉక్కు. అసలైన ఉక్కు."

రత్న రంపం చుట్టూ తిరిగి చూసింది. తరవాత అడగవలసింది అడిగింది. "ఇది ఎవరింటి ఇనుము?"

గాసి తల గోక్కున్నాడు. "ఎవరిదీ కాదు."

"ఎన్ని కత్తులొస్తాయి?"

బొగ్గుతో గీతలు గీసి చూశాడు. "మూడు. పళ్ళు పోనూ మూడు."

"అందులో ఒకటి నాది. ఇప్పుడే సెప్తన్నాను. ఎవులొచ్చి అడిగినా సరే."

"నీదే. నీ కాళ్ళ మీద ఒట్టు," అన్నాడు గాసి. తిత్తులు తొక్కే కాళ్ళ మీద ఒట్టు పెట్టడం కమ్మరికి చిన్న విషయం కాదు. రత్న ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

*

మర్నాడు కొలిమి వెలిగింది. రెండు కొయ్య గుండిగలకి తోలు బిగించిన తిత్తుల మీద రత్న నిలబడింది. ఒక కాలు దిగితే ఒక తిత్తి గాలి ఊదుతుంది, రెండోదాన్ని పైన వంచి కట్టిన వెదురు బద్ద పైకి లాగుతుంది. పట్టుకోవడానికి ఎదురుగా అడ్డ కర్ర. దూరం నుంచి చూస్తే మనిషి ఎక్కడికో నడుస్తున్నట్టు ఉంటుంది, కదిలేది మాత్రం ఉండదు. పెళ్ళై వచ్చిన దగ్గర నుంచి తను నడిచిన నడక అంతా ఒక దారిన పెడితే సముద్రం దాకా పోయేదాన్నని రత్న అంటుంది. సముద్రం ఆమె చూడలేదు.

ఉక్కుని ముందు ఎర్రగా కాల్చి బూడిదలో పాతిపెట్టాడు గాసి. నెమ్మదిగా చల్లారితే మెత్తబడుతుంది. అప్పుడు ఉలితో కోసి, పళ్ళు తీసేసి, ఒక పక్క పిడిలోకి దిగే తోక సాగగొట్టి, ఆకురాయితో అంచు తీశాడు. అంతవరకూ చక్కగా జరిగింది. తప్పు ఆ తరవాత జరిగింది. జీవితమంతా పారలూ గొడ్డళ్ళూ చేసిన చెయ్యి కదా, ఎర్రగా కాలిన కత్తిని అలవాటుగా నీళ్ళ తొట్టిలో ముంచాడు. టింగుమని ఒక్క శబ్దం వచ్చింది. పైకి తీసి చూస్తే కత్తి సగానికి పగిలి ఉంది.

గాసి రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. పారని నీళ్ళలో ముంచితే పార ఎప్పుడైనా పగిలిందా? మన ఇనుము మొద్దుది, అది ఏ నీళ్ళకైనా ఓర్చుకుంటుంది. ఈ పల్చటి దొరసాని ఉక్కుకి అంత చలి పనికిరాలేదు.

"మా అయ్య బాణం ములుకులు నీళ్ళలో ముంచీవోడు కాడు," అన్నాడు చివరికి. "నూనెలో సల్లార్చీవోడు. సన్నపు సరుక్కి నూనే నప్పుతాదనీవోడు. మరిసిపోనాను." తరవాత ఏదో అడగబోయి, పెళ్ళాం మొహం చూసి ఆగిపోయాడు.

ఇంట్లో నూనె ఉన్నదే చిన్న కుండెడు. మొన్న ఒలిసె గింజలు గానుగాడించి తెచ్చుకున్నది, సంవత్సరమంతా రావలసినది. రత్న తిత్తుల మీద నుంచి దిగింది. లోపలికి వెళ్ళి కుండ తెచ్చి కొలిమి పక్కన పెట్టింది.

"సేసీ. నూనె మళ్ళీ వడగట్టుకుంటాను. మాడు వాసనొత్తే ఒచ్చింది. తినేది నువ్వే కదేటి."

రెండో కత్తి నూనెలో బుస్సుమని పొగ చిమ్ముతూ దిగింది, చెక్కుచెదరకుండా పైకి వచ్చింది. దాన్ని ఇసకరాయి మీద తెల్లగా రుద్ది, పెళుసుతనం పోవడానికి కాలుతున్న ఇనపకమ్మీ మీద పెట్టి రంగు ఎక్కేదాకా చూశారు ఇద్దరూ. ముందు ఒలిసెపువ్వు పసుపు రంగు వచ్చింది. అది కాస్త ముదిరి ఎర్రమట్టి రంగు తిరుగుతుండగా "తీసీ!" అని రత్న అరిచింది, గాసి తీసేశాడు. ఆ రంగు చూసి చెప్పడం ఎప్పుడూ ఆమె పనే. పొగలో వంగి ఉన్నవాడికి కనిపించనిది, పైన నిలబడి తొక్కేవాళ్ళకి కనిపిస్తుంది.

పగిలిపోయిన మొదటి కత్తిలో మంచి సగాన్ని గాసి పారేయలేదు. దాన్ని మళ్ళీ కాల్చి, నూనెలో ముంచి, వేలెడంత చిన్న కత్తి చేశాడు. అది ఇసకరాయి మీద ఉండగానే సోములమ్మ వచ్చి చూసింది. చూసి అక్కడే చతికిలబడింది.

"గాసీ, బొడ్డు కొయ్యడానికి ఇలాటిదాని కోసం ఎన్నాళ్ళగానో సూత్తన్నాను రా. ఇన్నాళ్ళూ గవ్వ పెంకుతోటీ, వెదురు పేడుతోటీ కోత్తన్నాను."

"పట్టికెళ్ళప్పా," అన్నాడు గాసి. రత్న దాన్ని పేలికలో చుట్టి ఇచ్చింది. పసిబిడ్డల పని, కాదనడానికి నోరెలా వస్తుంది? పైగా అది పొట్టిది. ఇంకా రెండున్నాయి.

ఆ మరుసటి రోజు దెబోరా వచ్చింది. ఊరి చివర కొత్తగా వేసిన ప్రార్థన పాకలో ఉండే ఎలీయేజరు ఉపదేశి భార్య. కురుపాం వైపు నుంచి వచ్చింది, వచ్చి ఇంకా ఏడాది కాలేదు. చేతిలో ఒక పీట పట్టుకొచ్చింది. దానికి కత్తి నిలువుగా బిగించి కత్తిపీట చేసిపెట్టాలట. నిండు నెలలు, చేత్తో పట్టుకునే కత్తితో వంగి కోసుకోలేకపోతోందట.

గాసి పీటని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కత్తి నోరు ఎటు ఉండాలమ్మా?"

"నా వైపే గాసన్నా. కూకుని, కాయని కత్తి మీదకి తోత్తాం."

"మనిసి కేసా!" గాసి కళ్ళు పెద్దవి చేశాడు. కూర్చున్న మనిషి మీదికే నోరు తెరుచుకుని ఉండే కత్తిని అతను ఎరగడు. దెబోరా నవ్వాపుకుంటూ పీట మీద కూర్చుని, ఉత్త చేతులతో లేని కాయని లేని కత్తి మీద తరిగి చూపించింది. గాసి కూడా నవ్వేశాడు. రెండో కత్తి ఆ పీటకి వెళ్ళింది.

కత్తి పీటకి బిగిసింది. ఎంత తెగుతుందో చూద్దామని రత్న పక్కనున్న దుంప తీసి కత్తి మీద పెట్టబోయింది.

"ఓలె, ఆగు! కొయ్యకు!" గాసి కేక పెట్టాడు. రత్న నాలిక కరుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. దెబోరాకి ఏమీ అర్థం కాలేదు.

"తొలి కోత మీ ఇంట్లో పడాలమ్మా," అని రత్న చెప్పింది. "ఎవులింట్లో ముందు కూర కోత్తే కత్తి ఆ ఇంటిది. మేం కోసీసినామంటే మా ఎంగిలైపోతాది. మరి మీరు పట్టికెళ్ళకూడదు."

"అందికేనా మీ ఇంట్లో కత్తి నిలవదు," అంది దెబోరా. ఆ మాట ఆ పిల్ల చనువుగానే అంది. రత్నకి మాత్రం గుచ్చుకుంది. ఉన్నమాట ఎవరన్నా గుచ్చుకుంటుంది.

*

మూడోది అన్నిటికన్నా పెద్దది. గాసి దాని మీద రెండు రోజులు కూర్చున్నాడు. వెన్ను మందంగా ఉంచి, నోటివైపు పల్చగా దించి, కొస కాస్త పైకి తిప్పాడు. చివరికి పిడి దగ్గరికి వచ్చేసరికి, "సెయ్యి ఇలగియ్యి," అని రత్న గుప్పిట చుట్టూ నారతాడు చుట్టి కొలత తీశాడు. ఇన్నేళ్ళ కాపరంలో ఎవరెవరి గుప్పిళ్ళో కొలిచాడు కానీ ఆమె చెయ్యి కొలవడం అదే మొదలు. రత్నకి సిగ్గేసింది. ఆ వయసులో సిగ్గేమిటని మళ్ళీ తనే నవ్వుకుంది.

సండ్ర కర్ర పిడి చేసి, బెజ్జంలో లక్క పొడి పోసి, కాల్చిన తోకని అందులోకి దించాడు. లక్క కరిగి బుసబుసమని పొంగి, చల్లారి, రాయిలా బిగిసింది. రత్న కత్తి పట్టుకుని చూసింది. బరువంతా చేతిలోనే ఉన్నట్టుంది, అసలు బరువే లేనట్టు కూడా ఉంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో గుర్రం సకిలించింది. సన్యాసిరావు. ఆ కొండూళ్ళని ఏలే ముఠాదారు దొరగారి ఇంటి వ్యవహారాలు చూసే మనిషి. గుర్రం దిగలేదు, కొలిమి పొగ తగలకుండా పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏరా గాసీ, రంపంతో కత్తులు చేస్తున్నావటగా? సంతలో చెప్పుకుంటున్నారు. ఏదీ?"

రత్న కత్తిని కొంగు చాటుకి తిప్పింది కానీ అప్పటికే అతని కన్ను పడింది. చూపించమన్నాడు. ఆమె కత్తిని నేల మీద పెట్టింది. అతని వెనక వచ్చిన నౌకరు తీసి, ఎండలో తిప్పి చూపించాడు.

"బాగుంది. దొరగారింట్లో పెళ్ళి వంటలు మొదలవుతున్నాయి. రేపు పొద్దున్న వచ్చి పట్టికెళతాను. శుభ్రంగా తోమి ఉంచు."

"అలగే బాబూ," అన్నాడు గాసి.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. గుర్రం మలుపు తిరిగి వెళ్ళిపోయింది. కొలిమిలో బొగ్గులు చిటపటమన్నాయి. గాసి పెళ్ళాం వైపు చూడలేక ఆకురాయి తీసుకుని, అరగదీయడానికి ఏమీ లేకపోయినా చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నోరు తిరగనేదే. ఆ గుర్రాన్ని సూసీసరికి నాలిక దానంతటది అనీసింది."

"గుర్రం నేకపోనా నీ నాలిక అలగే అంటాది," అంది రత్న. తిట్టి ఉంటే గాసికి బాగుండేది.

ఆమెకి కోపం కంటే దుఃఖం ఎక్కువగా ఉంది. దొరగారింటికి మొదటి తేనె వెళుతుంది, మొదటి పనసపండు వెళుతుంది, ఏ ఇంట వేట తెగినా తొడ మాంసం వెళుతుంది. ఆ ఇంట్లో కమ్మరివాళ్ళు ముట్టిన నీళ్ళు మాత్రం తాగరు. ముంగిట్లోకి వెళితే కూర్చోమనరు. వాళ్ళ వంటింట్లో కత్తులు లేకనా? ఆ పూట వంట చేస్తూ ఆమె ఒకసారి కత్తి చేతిలోకి తీసుకుంది. ఒక్క ఉల్లిపాయ చాలు. ఒక్కటి కోస్తే కత్తి తనదైపోతుంది. కానీ మాట ఇచ్చింది మొగుడు. అతని మాట తను తెంపేస్తే ఊళ్ళో అతని తల ఏమవుతుంది? కత్తిని గూట్లో పెట్టేసి, దుంపల్ని తరక్కుండా ఉత్తగానే ఉడకేసింది.

*

పొద్దున్నే కడవ తీసుకుని గెడ్డకి బయలుదేరుతూ, "బూడిదేసి తోమినాను. గూట్లో ఉంది. ఆ బాబొత్తే ఇచ్చీ," అంది. ఎదురుగా ఉండి ఇవ్వడం ఆమెకి ఇష్టం లేదు. గెడ్డ దగ్గర నీళ్ళు ముంచి పారబోసి, మళ్ళీ ముంచి, కావాలనే ఆలస్యం చేసింది. మంచు ఇంకా గెడ్డ మీదే పడుకుని ఉంది. గుర్రం ఊళ్ళోకి వెళ్ళిన చప్పుడు వినిపించింది. తిరిగి వెళ్ళిన చప్పుడు వినిపిస్తే ఇంటికి పోదామని చూసింది. అది ఎంతకీ వినిపించలేదు. ఇంక కడవ ఎత్తుకోక తప్పలేదు.

ఇంటి ముందు గుర్రం నిలబడే ఉంది. సన్యాసిరావు ఈసారి దిగాడు. దిగి, వాకిట్లో కొయ్యబారిపోయి చూస్తున్నాడు. అరుగు మీద గాసి చాప పరుచుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ఇంటికప్పు మీది గుమ్మడికాయల్లో ఒకటి. చేతిలో ఆ కత్తి. నాలిక బయటపెట్టి, దాగలి మీద ఇనుము కోసినంత దీక్షగా గుమ్మడికాయ కోస్తున్నాడు. చుట్టూ ముక్కలు. ఒకటి పిడికిలంత, ఒకటి వేలంత, ఒకటి తొక్క మందంతో, ఒకటి గింజలతో సహా.

"ఏంట్రా ఇది?" అన్నాడు సన్యాసిరావు.

"కూర బాబూ. ఆకలేసినాది."

"ఆ కత్తితోనా? నేను పట్టికెళతానని చెప్పిన కత్తి అదే కదా!"

గాసి కత్తి వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు. "ఓలమ్మో. అదే బాబూ. ఇంట్లో ఇంకోటి నేదు. సూసుకోనేదు."

"మీ కమ్మరింటి ఎంగిలి చేసి, దాన్ని పెళ్ళివంటలోకి పట్టికెళ్ళమంటావా? దొరసానమ్మ నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా?" నౌకరు తీసుకోబోతే సన్యాసిరావు చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు. తాకనివ్వలేదు. "ఇంకోటి చెయ్యి!"

"రంపం అయిపోనాది బాబూ. మళ్ళీ ఇరిగినప్పుడు తప్పకండా సేత్తాను."

"దొరగారితో చెప్తాను. పంటల్లో నీకు కొలిచేటప్పుడు ఆయనకి ఈ కత్తి గుర్తుంటుంది!"

"అలగే బాబూ," అన్నాడు గాసి, ఎప్పటి గొంతుతోనే. అని ఊరుకోకుండా లేచి, కప్పు మీద నుంచి కోయని గుమ్మడికాయ ఒకటి దించి నౌకరు చేతిలో పెట్టాడు. వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం అతని వల్ల కాదు. సన్యాసిరావు ఒక నిమిషం గుమ్మడికాయనీ గాసినీ మార్చి మార్చి చూసి గుర్రం ఎక్కాడు. గుమ్మడికాయ వద్దని మాత్రం అనలేదు.

రత్న కడవ దించకుండా అలాగే నిలబడిపోయింది. గాసి కత్తిని ఆమె ముందు నేల మీద పెట్టి, వెనక్కి జరిగి, చేతులకి అంటిన గుజ్జు పంచెకి తుడుచుకున్నాడు. బొటనవేలి మీద చిన్న గాటు, రక్తం ఊరుతోంది. ఊరంతటికీ కత్తులు చేసినవాడు, కూర కోయడం అదే మొదటిసారి.

"నేదు అని ఒక్క మాట అనీస్తే సరిపోను కదేటి?" అంది రత్న.

"ఆ మాట నాకు రాదే." గాసి నిజంగానే బాధపడుతూ చెప్పాడు. "పొద్దున్న లేచిన కాడినుంచి గుమ్మంలో కూకుని అంటా సూసినాను. నేదు, నేదు, అని. కోళ్ళ ఎదర బాగానే ఒచ్చింది. గుర్రం కనబడీసరికి పోనాది. అందికని గుమ్మడికాయ దించినాను."

రత్న కడవ దించింది. దించి, అరుగు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు వచ్చాయి. వచ్చినవి నవ్వువి కావని తెలిసినా తుడుచుకోలేదు. తరవాత గాసి వేలికి పసుపు అద్ది పేలిక చుట్టింది.

"కొలిచినప్పుడు దొరగారు తగ్గించీత్తే ఏటి సేత్తావు?"

"దుంపలు తవ్వుకుందాం. కొయ్యడానికి కత్తుంది కదా."

ఆ పూట కూర పొయ్యి మీద ఎంతసేపు ఉన్నా ఒక తీరుకి రాలేదు. సన్న ముక్కలు జావ అయిపోయాయి, లావు ముక్కలు రాళ్ళలా ఉండిపోయాయి. నూనెకి మాడు వాసన వస్తోంది. ముక్కల్ని బయటికి తీసి కొత్త కత్తితో సమంగా కోసి వేయవచ్చు, క్షణం పని. రత్న కోయలేదు. కత్తి ఎంత బాగున్నా, ఆ వంకర ముక్కలే ఆమెకి ఎక్కువ ముద్దుగా కనిపించాయి. అలాగే వడ్డించింది.

గాసి ఒక లావు ముక్క నోట్లో పెట్టుకుని, అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకి మార్చాడు. "ఉడకనేదే."

"కోసినోడినడుగు," అంది రత్న, అతని ఆకులో ఇంకో ముక్క వేస్తూ.